అంగుళంగారి టోపీ

ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుండేది కానీ, ఊళ్ళో అందరూ అంగుళంగారనే పిలిచేవారు. భూములు కొలిచే ఆఫీసులో సర్వేయరు. గట్టు దగ్గర అన్నదమ్ములు కొట్టుకుంటుంటే మధ్యలో కొలత గొలుసు పరిచి, మీ ఇద్దరిదీ తప్పే, గట్టు ఒక అంగుళం అటు జరగాలి అని తేల్చేవారు. దాంతో అన్నదమ్ములు తమ తగాదా మరిచిపోయి, ఒక్కటై, ఆయన్ని తిట్టుకుంటూ ఇంటికి పోయేవారు.

ఇంట్లోనూ ఆయన ధోరణి అదే. గోడకున్న ఫొటో వంకరగా కనిపిస్తే అన్నం ముందునుంచి లేచి సరిచేసేవారు. దుప్పటి మంచానికి రెండు పక్కలా సమానంగా వేలాడకపోతే దాని మీద వాలేవారు కాదు.

ఆయన భార్యదీ కొలతల బతుకే. ఇంట్లోనే బట్టలు కుట్టేది, మధ్యాహ్నాలు వీధిలో ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పేది. ఆవిడ మెడలో ఎప్పుడూ ఒక గుడ్డ టేపు ఉండేది. ఆ టేపంటే అంగుళంగారికి చిన్నచూపు. లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది, దానికంటూ ఒక సొంత అభిప్రాయం లేదు అనేవారు. నిజం చెప్పేది తన జేబులోని ఉక్కు టేపు ఒక్కటేనని ఆయన నమ్మకం.

ఆవిడకు చాలాకాలంగా ఒకటే కోరిక, గుడ్డ కత్తిరించుకోవడానికి ఓ బల్ల. ఇన్నేళ్ళూ నేల మీద చాప పరుచుకుని, మోకాళ్ళ మీద వంగి కత్తిరించింది. లేచేటప్పుడు కుట్టుమిషను పట్టుకుని, నడుం మీద చెయ్యేసుకుని, రెండు విడతల్లో లేచేది. ముందుగదిలో కిటికీ కింద వెలుతురు బాగుంటుంది, అక్కడ బల్ల వేయించుకుంటానంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ కిటికీ పక్కనే, మూల గోడకు ఆనుకుని, అంగుళంగారి వాలుకుర్చీ ఉంది. పేపరు చదవడానికీ, చదివిన పేపరు మొహాన కప్పుకుని కునుకు తీయడానికీ ఆయనకు ఆ చోటు తప్ప ఇంకోటి సయించదు.

ఆయన ఉక్కు టేపు తీసి ఎదుటి గోడకూ కుర్చీకీ మధ్య కొలిచి, బల్ల పట్టదు, అంగుళం తక్కువ అన్నారు. ఆవిడ గుడ్డ టేపుతో కొలిచి, పడుతుంది అంది. టేపుల మీద మొదలైన మాటలు పుట్టిళ్ళ దాకా పోయాయి. చివరికి అంగుళంగారు, నా కొలత ఏదైనా సరే తప్పిన రోజున, బల్ల తెచ్చుకుని నీ ఇష్టమొచ్చిన చోట వేసుకో అన్నారు.

"తప్పిందని ఎవరు చెప్పాలి?" అంది ఆవిడ.

"నేనే చెబుతాను. నా నోటితో, నలుగురిలో చెబుతాను."

ఆవిడ సరేనని టేపు మెడలో వేసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇదిలా ఉండగా అంగుళంగారి నెత్తిమీద ఇంకో సరిహద్దు తగాదా నడుస్తోంది. జుట్టు ఏటేటా వెనక్కి తగ్గుతోంది. ఎండలో పొలాల వెంట తిరిగే ఉద్యోగమాయె, ఖాళీ అయిన చోటల్లా మాడుతోంది. గొడుగు వేసుకుంటే గొలుసు పట్టుకోవడం కుదరదు. సరిగ్గా అప్పుడే బజారు మూల టోపీల కొట్టు అద్దాల వెనక పాతకాలం మోడల్ టోపీలు వచ్చాయి. ఎనిమిది ముక్కలు కలిపి కుట్టి, నడినెత్తిన గుడ్డ గుండీ బిగించి, ముందు పిట్టముక్కంత చూరు పెట్టిన ముతక ఉన్ని టోపీలు. పాత ఫొటోల్లో రైలింజను పక్కన నిలబడ్డవాళ్ళ నెత్తిన కనిపించే రకం. కాఫీపొడి రంగు టోపీ ఒకటి ఆయన మనసు లాగేసింది.

ఆ సంగతి ఇంట్లో చెబితే, ఆవిడ మెడలోంచి టేపు తీసి, ఇలా రండి, తల చుట్టూ కొలిచి పెడతానంది. అంగుళంగారు నవ్వారు. ఊరి చెరువునే కొలిచినవాణ్ణి, నా తల నేను కొలుచుకోలేనా అన్నారు.

స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాక తెలిసింది, ఉక్కు టేపు తల చుట్టూ తిరగదని. వంచితే సగం దాకా వంగి, చటుక్కున విడివడి చెవి మీద కొట్టింది. రెండోసారి రెండో చెవి మీద కొట్టింది. చెవులు ఎర్రబడ్డాక ఆయనకు లెక్కల పుస్తకం గుర్తొచ్చింది. తల ఒక పక్క గోడకు ఆనించి, రెండో పక్క లావుపాటి డైరీ నొక్కిపట్టి, నెమ్మదిగా తల తప్పించి, గోడకూ డైరీకీ మధ్య దూరం కొలిచారు. దాన్ని ఇరవైరెండుతో హెచ్చవేసి ఏడుతో భాగించారు. చుట్టుకొలత వచ్చేసింది.

లెక్క తప్పులేదు, తల గుండ్రంగా ఉన్నంతవరకు. ఎన్నో వంకర పొలాలు కొలిచిన మనిషే కానీ, తన తల కోడిగుడ్డులా ముందుకూ వెనక్కీ సాగి ఉందన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. బయటికొచ్చి ఆ అంకెను భార్య ముందు, కోర్టులో తీర్పు చదివినట్టు చదివారు. ఆవిడ ఆయన తల వంక ఓసారి చూసి, "ఇది మీ కొలతేనా?" అంది. అక్షరాలా నాదేనన్నారు.

టోపీల కొట్టాయన, ఎవరు ఏది నెత్తిన పెట్టుకున్నా మీకోసమే కుట్టినట్టుందండీ అనే మనిషి. ఆయన కూడా టేపు తీయబోతే అంగుళంగారు చెయ్యెత్తి ఆపి అంకె చెప్పారు. కొట్టాయన నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, ఆ సైజు టోపీ తీసి ఇచ్చాడు. పెట్టి చూసుకుంటే అది చెంబు మీద మూతలా నెత్తిన కూర్చుంది. మీకోసమే కుట్టినట్టుందండీ అన్నాడు కొట్టాయన. అంగుళంగారు అద్దంలో చూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చి వదిలారు. ఊపిరి వదిలితే తల తగ్గదని అర్థమయ్యాక, స్నేహితుడొకడికి టోపీ బిగుతైందట, ఏం చెయ్యాలో అని అడిగారు. ఉన్ని గుడ్డేనండీ, సాగుతుంది, ఆవిరి పట్టి గుండ్రటి దానికి తొడగవచ్చు, లేదా తడిపి తలకు పెట్టుకుని ఆరేదాకా ఉంటే తల ఆకారానికి వచ్చేస్తుంది అన్నాడాయన. పెద్ద సైజు తీసుకోవడానికి అంగుళంగారికి నోరు రాలేదు. పెద్ద సైజు కొంటే కొలత తప్పినట్టే. కొలత తప్పితే బల్ల వచ్చినట్టే.

ఇంటికొచ్చేసరికి ఆవిడ మిషను ఆపి తేరిపార చూసింది.

"బిగుతుగా లేదూ?"

"పాతకాలం టోపీ ఇలాగే ఉంటుంది. నెత్తిన కూర్చోవాలి కానీ నెత్తిని మింగకూడదు."

"కళ్ళు పైకి లాగినట్టున్నాయి."

"అది హుందాతనం."

ఆవిడ మళ్ళీ మిషను తొక్కుకుంది.

మర్నాడు ఆఫీసులో అందరూ ఒకటే మాట, ఎవరండీ మీకు టోపీ పెట్టింది అని. ఎవరో పెట్టేదేమిటి, నేనే పెట్టుకున్నాను అన్నారు అంగుళంగారు. అంత నిజం ఆ ఆఫీసులో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. సాయంత్రానికి తల పగిలిపోతోంది. టోపీ తీస్తే నుదుటి మీద ఎర్రటి గీత, సర్వే పటంలో సరిహద్దు గీసినట్టు, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా పోయింది.

అప్పుడు మొదలైంది సాగదీత. మర్నాడు పని ముందే ముగించుకుని మధ్యాహ్నమే ఇంటికొచ్చారు. ముందుగదిలో ఆవిడ పాఠం చెబుతోంది. అంగుళంగారు పిల్లిలా వంటింట్లో దూరి, గిన్నెడు నీళ్ళు మరిగించి, టోపీ ఆవిరికి పట్టి, అటక మీది ఇత్తడి బిందె బోర్లించి దాని అడుగుకు తొడిగారు. మళ్ళీ గిన్నె దగ్గరికొచ్చి స్టవ్ ఆర్పబోతుంటే గుమ్మంలో భార్య.

"గిన్నె మీద మొహం పెట్టి ఏం చేస్తున్నారు?"

"జలుబు," అన్నారు. "ఆవిరి పడుతున్నాను."

ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. అయ్యో, వేడిగానే ఉందే అంది. ఆవిరి దగ్గర నిలబడితే ఎవరి నుదురైనా వేడిగానే ఉంటుంది కానీ ఆ మాట చెప్పే వీలు లేదు. మంచమెక్కించింది. రెండు దుప్పట్లు కప్పింది. ఫ్యాను ఆపింది. ఛాతీకీ ముక్కుకీ ఘాటైన మందు పట్టించి, గ్లాసుడు చేదు కషాయం దగ్గరుండి తాగించింది. పాఠానికొచ్చిన ఆడవాళ్ళు వరసగా వచ్చి, తలా ఒక చిట్కా చెప్పి వెళ్ళారు. ఆవిడ ఒక్క చిట్కా కూడా వదలలేదు.

దుప్పట్ల కింద ఉడుకుతూ ఆయన ముందుగది వైపు చూశారు. ఆవిడ చాప మీద వంగి గుడ్డ కత్తిరిస్తోంది. అయిపోయాక మిషను పట్టుకుని, సగం లేచి, ఆగి, ఊపిరి తీసుకుని, మిగతా సగం లేచింది. అంగుళంగారికి లోపల ఎక్కడో చివుక్కుమంది. బల్ల సంగతి తనే ఎత్తుదామా అనుకున్నారు. అంతలో ముక్కుకు రాసిన మందు కళ్ళలోకి ఎక్కింది. తుడుచుకునే హడావిడిలో ఆ ఆలోచన జారిపోయింది.

అటకెక్కి చూస్తే టోపీ సాగలేదు. బిందె మాత్రం తోమినట్టు మెరిసింది.

ఆదివారం బావమరిది వచ్చాడు. ఆవిడకు తమ్ముడు, లారీ టైర్ల వ్యాపారం. ఆ తల చూడగానే అంగుళంగారికి ప్రాణం లేచొచ్చింది. గుమ్మంలోంచి ముందు తల వచ్చి, కాసేపటికి మనిషి వచ్చే రకం. చిన్నప్పుడు ఆ తలకు చొక్కా తొడగాలంటే ఇంటిల్లిపాదీ పూనుకునేవారని ఆవిడే చెప్పేది. బిందె చేయలేని పని ఇది చేస్తుందనుకుని, అంగుళంగారు టోపీ తెచ్చి, ఎండగా ఉంది, ఇవాళంతా పెట్టుకోమన్నారు. బావమరిది రెండు చేతులతో లాగి, చెవుల దాకా దింపి, అద్దంలో చూసుకుని మురిసిపోయాడు. కుట్లు పటపటమన్నాయి. ఆ చప్పుడు అంగుళంగారి చెవులకు సన్నాయిలా వినిపించింది.

సాయంత్రం దాకా వీధులన్నీ తిరిగొచ్చి, అక్క ముందు నిలబడి, బావగారు ఇన్నేళ్ళకు నాకొకటి ఇచ్చారక్కా అన్నాడు బావమరిది.

ఆవిడ మొగుడి వైపు తిరిగింది. మొహం నిండా సంతోషం.

"మోజుపడి కొనుక్కున్న టోపీ వాడికిచ్చేశారా? మీ కొలతకు సరిగ్గా తెచ్చుకున్నదాయె. మీ మనసు ఇంత పెద్దదని నాకు తెలీదు."

ఇవ్వలేదు, సాగదీయడానికి నీ తల అద్దెకు తీసుకున్నాను అని అంగుళంగారు బావమరిదితో ఎలా అంటారు? బావమరిది టోపీతోనే బస్సెక్కాడు.

దాన్ని వెనక్కి రప్పించడానికి ఆయన పడని పాట్లు లేవు. ఆఫీసులో ఫొటో తీస్తున్నారనీ, అందరూ టోపీలతో రావాలన్నారనీ ఫోన్ చేశారు. బావమరిదికి కోపం రాలేదు కానీ, ఇచ్చినది అడుగుతున్నారేమిటక్కా అని అక్కకు ఫోన్ చేశాడు. ఆవిడ, పోనీలేరా, మీ బావగారి అవసరం ఏమిటో అందట. మొత్తానికి ఊరొచ్చే లారీ డ్రైవరు చేతికిచ్చి పంపాడు.

గది తలుపేసుకుని పెట్టుకున్నారు అంగుళంగారు. లోకం చీకటైంది. టోపీ నుదురు దాటి, కళ్ళజోడు దాటి, ముక్కు మీదికొచ్చి ఆగింది.

ఆయన మంచం మీద కూర్చుని తల పట్టుకున్నారు. టోపీ మీంచే పట్టుకున్నారు. అప్పుడు మెరుపులాంటి ఉపాయం తట్టింది. ఆయన స్వెట్టరు మరిగే నీళ్ళలో పడి పసిపిల్లల సైజుకొచ్చినప్పుడు ఆవిడ నెత్తీ నోరూ బాదుకోవడం గుర్తొచ్చింది. ఉన్ని వేడి నీళ్ళలో ముడుచుకుంటుంది, తడిగా పెట్టుకుంటే తల ఆకారానికి వస్తుంది. రెండూ కలిపితే ఇక తిరుగేముంది?

సెలవు రోజు మధ్యాహ్నం, ముందుగదిలో పాఠం జోరుగా ఉండగా, మరిగే నీళ్ళ బకెట్లో టోపీని ముంచి తీసి, పిండి, ఇంకా పొగలు కక్కుతుండగానే తలకు లాక్కున్నారు. సరిగ్గా సరిపోయింది. కొన్నప్పటి నుంచి అది ఆయన తలకు సరిపోయిన క్షణం అదొక్కటే. ఆరేదాకా ఉండాలి కదా అని పెరట్లో ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఎండ వెచ్చగా ఉంది, మనసు తేలిగ్గా ఉంది, కళ్ళు మూతలు పడ్డాయి.

పాఠానికొచ్చినవాళ్ళలో ఒకావిడ మంచినీళ్ళ కోసం పెరట్లోకి వచ్చింది. కుర్చీలో అంగుళంగారు మెడ వాల్చి, నోరు తెరిచి ఉన్నారు. నుదుటి మీంచి, చెవుల పక్కనుంచి, చొక్కా కాలరు మీదికి గోధుమ ఎరుపు రంగు ధారలు కట్టి ఉన్నాయి. ఆవిడ పెట్టిన కేకకు పక్కింటి కిటికీలు కూడా తెరుచుకున్నాయి.

ఆ కేకకు అంగుళంగారు ఉలిక్కిపడి లేచారు. చుట్టూ ఆడవాళ్ళు. నెత్తిన ఇనపపట్టీ బిగించినట్టుంది. రక్తం కాదండీ, రంగు అని చెబుతూ టోపీ తీయబోయారు. రాలేదు. ఆరుతున్న కొద్దీ ముడుచుకుని, చెవుల పై అంచులను కూడా లోపలికి కలుపుకుని కూర్చుంది. ఒకావిడ ముందునుంచి, ఒకావిడ వెనకనుంచి లాగబోతే, కనుబొమలు నెత్తి మీదికి పోతున్నాయని ఆయన ఇద్దరినీ వారించారు.

అందరికన్నా వెనక ఆయన భార్య వచ్చింది. మెడలో టేపు, చేతిలో కత్తెర. చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఏమిటిది?"

"ఎండకి ముడుచుకుంది."

"తడి ఎందుకైంది?"

"నీళ్ళు పడ్డాయి."

"బకెట్లోంచి పడ్డాయా, బకెట్టే మీ మీద పడిందా?"

ఆయన మళ్ళీ టోపీ అంచు పట్టుకుని లాగారు.

"వెనక కుట్టు ఒకటి విప్పితే వచ్చేస్తుంది," అంది ఆవిడ. "కానీ సరైన కొలత టోపీకి కుట్టు విప్పడం నాకు మనసొప్పదు. మీరు కొలిచి కొన్నది. నా గుడ్డ టేపు తెలివితేటలతో దాన్ని పాడుచేస్తానా?"

"కొట్టువాడు సైజు మార్చి ఇచ్చుంటాడు."

"మీరు తెచ్చిన రోజే దాని మీది అంకె చూశాను. మీరు చదివి వినిపించిన అంకే."

ఆడవాళ్ళంతా చూస్తున్నారు. ఒకావిడ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంగుళంగారు ఆకాశం వైపు చూద్దామనుకున్నారు కానీ టోపీ కనుబొమలను కదలనివ్వలేదు. తల లోపల నరం నరం కొట్టుకుంటోంది. పెద్ద పెద్ద భూస్వాములు వచ్చి బతిమాలినా ఆయన నోట రాని మాట అది.

"కొలత తప్పింది," అన్నారు.

"ఎవరి కొలత?"

"నాదే."

ఆవిడ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, వెనక కుట్టులో కత్తెర మొన దూర్చి టక్కున తెంపింది. టోపీ ఊడొచ్చింది. చెవులు మళ్ళీ యథాస్థానానికి వచ్చాయి. తడిగుడ్డతో మొహం తుడిచింది. ఇంత మాట పడ్డాక కూడా ఆ చెయ్యి చల్లగా, హాయిగా ఉందనిపించడం అంగుళంగారికే వింతగా తోచింది. తర్వాత గుడ్డ టేపు ఆయన తల చుట్టూ తిప్పి, నేర్చుకునేవాళ్ళను దగ్గరికి పిలిచి, తల కొలత చెవుల పైనుంచి ఎలా తీసుకోవాలో ఆయన తల మీదే చూపించింది. అందరూ తలా ఒకసారి కొలిచి చూసుకున్నారు. అందరికీ ఒకటే అంకె వచ్చింది.

సాయంత్రానికల్లా టోపీ వెనక అదే రంగు గుడ్డతో చిన్న ముక్క అతికి, లోపల ఎలాస్టిక్ పట్టీ వేసి ఇచ్చింది. పెట్టుకుంటే పెట్టుకున్నట్టే లేదు.

మర్నాడు పొద్దున్నే వడ్రంగి బల్ల దింపాడు. ఒక్క పూటలో ఎలా చేశావయ్యా అని అంగుళంగారు ఆశ్చర్యపోతే, పూటేమిటండీ, మీరు టోపీ కొనుక్కొచ్చిన మర్నాడే అమ్మగారు చేయమని చెప్పారు, తయారై కొట్లో కూర్చునుంది అన్నాడు. బల్లను కిటికీ కిందికి జరిపారు. ఒక కొన గోడకు తగిలింది, ఇంకో కొన వాలుకుర్చీకి తగిలి ఆగిపోయింది. పట్టలేదు. సరిగ్గా ఒక అంగుళం తక్కువ.

అంగుళంగారి కళ్ళు వెలిగిపోయాయి.

"చూశావా? ఆనాడే చెప్పాను. పట్టదన్నానా లేదా?"

"అన్నారు," అంది ఆవిడ. "మీ కొలత సరైనదే. నా టేపుకీ అంతే వచ్చింది."

"మరి పడుతుందన్నావెందుకు?"

"పట్టదంటే మాట అక్కడితో అయిపోయేది కదా. కుర్చీ తీయమంటే తీసేవారా?"

నీ ఇష్టమొచ్చిన చోట వేసుకోమన్న మాట తనదే. ఇప్పుడు తన కొలతే సరైనదని తేలింది, కానీ తప్పని నలుగురిలో ఒప్పుకుని ఇంకా రోజు కూడా పూర్తిగా గడవలేదు. వడ్రంగి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆవిడ కొత్త బల్ల మీద అరచేతులు ఆనించి, నిటారుగా నిలబడి, కిటికీలోంచి వచ్చే వెలుతురు చూసుకుంటోంది. అలా నిలబడి పని చేసుకోబోయే మనిషిని ఆయన కాసేపు చూస్తూ ఉండిపోయారు.

"కుర్చీ ఎక్కడ వేద్దామంటావు?" అన్నారు చివరికి, గొంతు బాగా తగ్గించి.

"వెనక వరండాలో. ఆ పక్క పట్టుకోండి."

ఒక పక్క ఆవిడ పట్టుకుంది. రెండో పక్క పట్టుకోవడానికి అంగుళంగారు నడుం దాకా వంగారు. నెత్తిన టోపీ ఇసుమంతైనా జారలేదు.